జడా? చిక్కా? - ‘బైజాంటైన్’ అనే మాట గురించి

ఇంగ్లీషు రివ్యూలు చదివే అలవాటున్నవాళ్లకి ‘బైజాంటైన్’ అనే విశేషణం తరచుగా ఎదురవుతుంది. పన్నుల చట్టం బైజాంటైన్. వీసా ప్రక్రియ బైజాంటైన్. ఏడొందల పేజీల నవలలో ప్లాట్ బైజాంటైన్. ఆఫీసు రాజకీయాలు అయితే చెప్పనే అక్కర్లేదు. నిఘంటువు తెరిస్తే అర్థం సుమారుగా ఇలా ఉంటుంది: అతి సంక్లిష్టమైన, లోపల్లోపల మెలికలు తిరిగిన, కుట్రల వాసన వేసే వ్యవహారం. తెలుగులో దగ్గరి మాట వెతికితే ఒక్కటి చాలదు. చిక్కుముడి, తిరకాసు, గూడుపుఠాణీ, ఈ మూడూ కలిపి నూరితే వచ్చే ముద్ద లాంటిది. ఆ మాట పలకడంలోనే ఇంగ్లీషువాళ్లకి ఏకాభిప్రాయం లేదు. బైజాంటైన్ అంటారు, బిజాంటీన్ అంటారు, బిజన్‌టైన్ అంటారు.

మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం నాకు కాలక్షేపం. కానీ ఈ మాట విషయంలో అది కాలక్షేపంతో ఆగలేదు. ఎందుకంటే పుస్తకాల గురించి రాసేవాళ్లందరం రోజూ చేసే ఒక పని ఈ మాట చరిత్రలో బట్టబయలుగా కనిపిస్తుంది. మనకి అందని దాన్ని ‘సంక్లిష్టం’ అనడం, అన్నాక ఆ సంక్లిష్టత దాని గుణమే అని నమ్మేయడం. నా వాదన ఇక్కడే చెప్పేస్తాను. ‘బైజాంటైన్’ అనే మాట ఆ వస్తువు గురించి చెప్పేదానికంటే, చెప్పేవాడు ఎంత దూరంలో నిలబడి చూస్తున్నాడో ఎక్కువ చెబుతుంది.

ముందు ఊరు. నల్లసముద్రం నుంచి మధ్యధరా వైపు వెళ్లే సన్నటి జలసంధి పక్కన, క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో గ్రీకులు ఒక వలస పట్నం కట్టుకున్నారు. పేరు బైజాంటియన్. వెయ్యేళ్లు అది ఒక మోస్తరు రేవుపట్నంగానే ఉంది. 330లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆ చోటునే తన కొత్త రాజధానిగా ప్రతిష్ఠించాడు. ఊరు కాన్‌స్టాంటినోపుల్ అయింది. ఇవాళ్టి ఇస్తాంబుల్. పడమటి రోమ్ కూలిపోయినా ఈ తూర్పు సగం నిలబడింది, 1453 మే 29న ఒట్టోమన్ సుల్తాన్ రెండో మెహ్‌మెద్ చేతిలో పడేదాకా. 330 నుంచి 1453, అంటే పదకొండు వందల ఏళ్ల పైచిలుకు.

ఇక అసలు సంగతి. ఆ పదకొండు వందల ఏళ్లలో ఆ రాజ్యంలో బతికినవాళ్లు ఎవరూ తమ రాజ్యాన్ని బైజాంటైన్ సామ్రాజ్యం అని పిలుచుకోలేదు. వాళ్లు తమని తాము రోమన్లు అనుకున్నారు. మాట్లాడేది గ్రీకు, చదివేది హోమర్, వెళ్లేది చర్చికి, కానీ మీరెవరు అని అడిగితే జవాబు ‘రొమాయి’, రోమన్లం. దేశం పేరు రొమానియా. పాత పట్నం పేరుని పండిత ఫాయాలో రాజధాని నగరవాసులకి వాడిన రచయితలు ఉన్నారు, కాదనను. అది ఊరి ముచ్చట. వరంగల్‌వాళ్లని ఓరుగల్లువాళ్లు అన్నట్టు. దేశానికీ ప్రజలకీ అది పేరు కాదు.

మరి ఆ పేరు ఎవరు పెట్టారు? చరిత్ర పుస్తకాలు సాధారణంగా చూపించే మనిషి హీరోనిమస్ వోల్ఫ్ అనే జర్మన్ పండితుడు. 1557లో ఆ కాలపు గ్రీకు చరిత్రకారుల రచనలని అచ్చు వేస్తూ వాటిని బైజాంటైన్ చరిత్రలు అన్నాడు. లెక్క చూడండి. రాజ్యం పడిపోయిన నూట నాలుగేళ్లకి పేరు పుట్టింది. తర్వాతి శతాబ్దంలో పారిస్‌లో రాజాశ్రయంతో వెలువడిన పెద్ద సంపుటాలు ఆ పేరుని స్థిరపరిచాయి. అందులో దురుద్దేశం ఉందని నేను అనను. ప్రాచీన గ్రీసు ఒక అలమర, ప్రాచీన రోమ్ ఒక అలమర, ఈ మధ్యదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కొత్త అలమర చేయించారు. కానీ అలమర మీద అంటించిన కాగితం వాళ్ల చేతినుంచి రోమన్ అనే మాటని లాగేసుకుంది. పడమటి రాజులకి అది బాగా పనికొచ్చింది కూడా. జర్మనీలో ఇంకో ‘పవిత్ర రోమన్ సామ్రాజ్యం’ నడుస్తోంది మరి.

ఈ పేర్ల తగాదా అప్పటికే పాతది. అది బాగా తెలిసేది లియుట్‌ప్రాండ్ అనే ఇటాలియన్ మతాధికారి వల్ల. నా దృష్టిలో బైజాంటియమ్‌కి మొట్టమొదటి పేరున్న రివ్యూయర్ ఇతనే. రెండుసార్లు వెళ్లాడు, రెండు రివ్యూలు రాశాడు.

మొదటిసారి 949లో. సభామండపంలో పూతపూసిన లోహపు చెట్టు, కొమ్మల మీద కూతలు కూసే యంత్రపు పక్షులు, గర్జించే సింహపు బొమ్మలు, తల ఎత్తి చూసేలోగా పైకప్పు దాకా లేచిపోయిన సింహాసనం. ఇవన్నీ ముచ్చటగా వర్ణించాడు. రెండోసారి 968లో, తన రాజు ఒట్టో కొడుకుకి పిల్లనడగడానికి వెళ్లాడు. ఆ పని అవ్వలేదు. ఈసారి రాసిందంతా తిట్లే. ఇల్లు బాగోలేదు, ద్రాక్షసారాలో జిగురు కలిపారు, చక్రవర్తి మొహం బాగోలేదు. వెళ్లేటప్పుడు కొనుక్కున్న ఊదారంగు పట్టుబట్టలు కూడా లాగేసుకున్నారు. అతను అక్కడ ఉండగానే పోప్ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఒట్టోని రోమన్ల చక్రవర్తి అనీ, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తిని గ్రీకుల చక్రవర్తి అనీ సంబోధించారు. సభలో మంట పుట్టింది. ఉత్తరం తెచ్చినవాళ్లని జైల్లో వేశారు.

ఒకే సభ, ఒకే మర్యాదలు, ఒకే రచయిత. మారింది ఏమిటి? మొదటిసారి అతని పని సాగింది, రెండోసారి సాగలేదు. మొదటి రివ్యూలో అద్భుతమైన ఏర్పాటు, రెండో రివ్యూలో కపటనాటకం. పుస్తకం మారకుండా సమీక్ష మారిపోవడం మనకేం కొత్త కాదు. కానీ పడమటి యూరప్ తర్వాతి శతాబ్దాల్లో మోసుకెళ్లింది ఆ రెండో రివ్యూ ధోరణినే.

పద్దెనిమిదో శతాబ్దానికి వచ్చేసరికి ఆ ధోరణికి పెద్ద పెద్ద సంతకాలు పడ్డాయి. గిబ్బన్ తన రోమన్ సామ్రాజ్య పతన చరిత్రని 1776 నుంచి 1788 దాకా ఆరు సంపుటాలుగా వేశాడు. గొప్ప పుస్తకమే, వచనం కోసమైనా చదవాల్సిందే. కానీ నలభై ఎనిమిదో అధ్యాయంలో ఏం చేశాడో చూడాలి. దాదాపు ఆరు వందల ఏళ్ల చక్రవర్తులని ఒక్క అధ్యాయంలో వరసగా నడిపించి పంపేశాడు. విడమరిచి చెబితే పాఠకుడికి విసుగు అన్నాడు. కుదించినప్పుడు ఏమవుతుంది? కారణాలు ఎగిరిపోతాయి, సంఘటనలు మిగులుతాయి. ఒకడు ఇంకొకడి కళ్లు పీకించాడు, ఒకామె కొడుకుని దించేసింది, ఒక సేనాపతి తిరగబడ్డాడు. ఎందుకు అన్నది తీసేస్తే ఏ రాజకీయమైనా కుట్రలాగే కనిపిస్తుంది. మహాభారతంలో ఉద్యోగపర్వం తీసేసి చావుల లెక్క మాత్రం చెబితే ఎలా ఉంటుంది?

1869లో లెకీ అనే చరిత్రకారుడు ఇంకా ముందుకెళ్లాడు. ఆ సామ్రాజ్యం చరిత్ర మొత్తం పూజారులు, నపుంసక ఉద్యోగులు, ఆడవాళ్లు నడిపిన కుట్రల విసుగు కథ అని తేల్చేశాడు. ఈ జాబితాని కాసేపు చూడండి. కుట్రలు యూరప్‌లో ఏ కొలువులో లేవు? అయినా ఇక్కడ అభ్యంతరం కుట్ర మీద కాదు, చేసేవాళ్ల మీద. తన ఉద్దేశంలో అధికారం ఎవరి చేతుల్లో ఉండకూడదో వాళ్ల చేతుల్లో ఉంటే అది ‘మెలికలు తిరిగిన’ వ్యవహారం. మీసాలున్న సేనాపతులు చేస్తే అదే రాజనీతి. ఆఫీసులో ఒక స్త్రీ పైకొస్తే ‘ఆవిడ చాలా కాంప్లికేటెడ్’ అనేవాళ్లని మీరూ చూసే ఉంటారు.

ఇలా రెండొందల ఏళ్లు మాగిన తర్వాత పేరు కాస్తా విశేషణం అయింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ ‘సంక్లిష్టమైన’ అనే అర్థానికి చూపించే తొలి ఉదాహరణ 1937 నాటిది. ఆర్థర్ కోస్లర్ స్పెయిన్ అంతర్యుద్ధం మీద రాసిన పుస్తకంలోది. అక్కడ బైజాంటైన్ అనిపించుకున్నది స్పెయిన్ సైన్యం నిర్మాణం. అంటే ఇప్పుడు అనాదిగా ఉన్నట్టు వాడేస్తున్న ఈ అర్థం ఇంగ్లీషులో పుట్టి వందేళ్లు కూడా కాలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ తేదీ పక్కన ఉన్న ఇంకో తేదీ. కోస్లర్‌కి తొమ్మిదేళ్ల ముందు, 1928లో, యేట్స్ ‘ద టవర్’ సంపుటి వచ్చింది. బైజాంటియమ్‌కి ఓడెక్కి వెళ్లే ముసలివాడి పద్యంతోనే ఆ సంపుటి మొదలవుతుంది. యేట్స్‌కి ఆ నగరం అంటే మతం, కళ, రోజువారీ బతుకు విడిపోకుండా ఒక్కటిగా ఉన్న చోటు. చిత్రకారుడు, తాపీపనివాడు, కంసాలి అందరూ ఒకే ఊహలో పనిచేసిన చోటు. అంటే చిక్కుకి పూర్తి వ్యతిరేకం. లియుట్‌ప్రాండ్ మొదటి రివ్యూలోని బంగారు పక్షి లాంటిదే యేట్స్ పద్యంలోనూ కూర్చుని ఉంటుంది. పదేళ్ల తేడాలో ఒకే పేరు ఒకరికి పొందిక, ఇంకొకరికి గజిబిజి. యేట్స్ చూసిందీ కలే అనుకోండి. కానీ కలలో అయినా అతను లోపలికి వెళ్దామనుకున్నాడు.

సరే, ఇదంతా పేరు కథ. నిజంగా ఆ రాజ్యం అంత చిక్కుగా ఉండేదా అని అడగొచ్చు. ఉద్యోగ హోదాలు బోలెడు ఉండేవి. పదో శతాబ్దంలో ఏ పండక్కి ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే ఒక పెద్ద పుస్తకమే తయారుచేయించుకున్నారు. అది నిజం. కానీ అదే రాజ్యం చేసిన ఇంకో పని చూడండి. ఆరో శతాబ్దంలో జస్టినియన్ చక్రవర్తి ట్రిబోనియన్ అనే న్యాయవేత్త నాయకత్వంలో ఒక సంఘాన్ని వేశాడు. శతాబ్దాలుగా పేరుకుపోయిన రోమన్ న్యాయవేత్తల రాతల్ని వడకట్టమన్నాడు. జస్టినియన్ మాటల్లోనే లెక్క, దాదాపు రెండువేల పుస్తకాలు, ముప్పై లక్షల వాక్యపంక్తులు. మూడేళ్లలో, 533 నాటికి, యాభై పుస్తకాల్లో లక్షా యాభై వేల పంక్తులకి కుదించారు. అంటే ఇరవయ్యో వంతు. యూరప్‌లో చాలా దేశాల చట్టాలకి పునాది ఆ సంగ్రహమే. చరిత్రలో చట్టాన్ని సులభం చేయడానికి జరిగిన అతిపెద్ద ప్రయత్నాల్లో ఒకటి చేసినవాళ్ల పేరు, ఇవాళ అర్థంకాని చట్టాన్ని తిట్టడానికి వాడుతున్నాం.

‘వంచన’ అనే అర్థం సంగతి కూడా అంతే. 1204లో నాలుగో క్రూసేడ్ సైన్యాలు సాయం చేస్తామంటూ వచ్చి, బేరం చెడితే తోటి క్రైస్తవుల నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌నే కొల్లగొట్టాయి. దోచుకెళ్లిన కంచు గుర్రాలు వెనిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. కపటానికి పర్యాయపదం మాత్రం దోచుకున్నవాళ్ల పేరు కాలేదు, దోపిడీకి గురైనవాళ్ల పేరే అయింది.

ఈ మాట మనవాళ్లలో చాలామందికి సాహిత్యం వల్ల కాదు, కంప్యూటర్ల వల్ల తెలుసు. హైదరాబాద్, బెంగళూరుల్లో సర్వర్లతో పనిచేసేవాళ్లు, బ్లాక్‌చెయిన్ తెలిసినవాళ్లు ‘బైజాంటైన్ జనరల్స్ ప్రాబ్లమ్’ అంటే ఇట్టే చెప్పేస్తారు. 1982లో లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీస్ రాసిన పత్రం అది. ఒక నగరాన్ని చుట్టుముట్టిన సేనాపతులు దూతల ద్వారా మాత్రమే మాట్లాడుకుంటూ ఒక్క నిర్ణయానికి రావాలి. కొందరు ద్రోహులు, ఒకరికి ఒకమాట, ఇంకొకరికి ఇంకోమాట చెబుతారు. ముగ్గురిలో ఒక్కడు ద్రోహి అయితే నోటిమాటలతో ఒప్పందం అసాధ్యం అని నిరూపించారు. ఒక ద్రోహిని తట్టుకోవాలంటే కనీసం నలుగురు కావాలి. అందమైన ఫలితం.

ఆ పేరు ఎలా పెట్టారో లాంపోర్టే తర్వాత చెప్పాడు. ముందు ‘అల్బేనియన్ జనరల్స్’ అందామనుకున్నాడట. అప్పట్లో అల్బేనియా తలుపులు మూసుకున్న దేశం, బాధపడేవాళ్లెవరూ చుట్టుపక్కల ఉండరని. సహోద్యోగి జాక్ గోల్డ్‌బర్గ్ గుర్తుచేశాడట, అల్బేనియా బయట కూడా అల్బేనియన్లు ఉంటారు కదా అని. అందుకని బైజాంటైన్‌కి మారారు.

లాంపోర్ట్ ఉన్నదున్నట్టు చెప్పినందుకు మెచ్చుకోవాలి. ఎందుకంటే ఈ మాట ఇన్నాళ్లూ ఎలా చెల్లుబాటు అయిందో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. అభ్యంతరం చెప్పేవాడు గదిలో లేకపోవడమే దాని బలం.

నిజంగా లేరా? పీటర్ కరానిస్ అనే చరిత్రకారుడు చెప్పిన ముచ్చట ఒకటుంది. ఆయన లెమ్నోస్ అనే ద్వీపంలో పుట్టాడు. 1912లో ఆ ద్వీపాన్ని ఒట్టోమన్ల నుంచి గ్రీకు నౌకాదళం తీసుకుంది. ఊళ్లలోకి వచ్చిన గ్రీకు సైనికుల్ని చూడ్డానికి పిల్లలు పరిగెత్తారు. ఏం చూస్తున్నార్రా అని ఒక సైనికుడు అడిగాడు. హెలీన్‌లని, అంటే గ్రీకుల్ని, చూస్తున్నాం అన్నారు పిల్లలు. మరి మీరు కారా అంటే, కాదు, మేం రోమన్లం అన్నారట. రాజ్యం పడిపోయి నాలుగు వందల యాభై తొమ్మిదేళ్లయింది అప్పటికి. ఇస్తాంబుల్‌లో ఇప్పటికీ ‘రూమ్’ అనిపించుకునే గ్రీకు ఆర్థొడాక్స్ కుటుంబాలున్నాయి. 1923 నాటి జనాభా మార్పిడి, 1955 నాటి మూకదాడి, ఆ తర్వాతి వలసలు దాటుకుని మిగిలింది కొద్ది వేలమందే. రూమ్ అంటే రోమ్. వాళ్లు ఉన్నారు, గదిలోకి పిలవలేదంతే.

తమాషా ఏమిటంటే మనకి ఆ సరైన పేరు ఎప్పట్నుంచో తెలుసు. అరబ్బులు, పర్షియన్లు, తుర్కులు ఆ దేశాన్ని రూమ్ అనే అన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకొక సూక్తి పంచే రూమీ, పదమూడో శతాబ్దపు జలాలుద్దీన్, రూమీ ఎందుకయ్యాడు? ఒకప్పుడు రోమన్ల నేల అయిన అనటోలియాలో, కోన్యాలో బతికాడు కాబట్టి. రూమీ అంటే రోమ్ దేశపువాడు అని. లక్నోలో రూమీ దర్వాజా ఉంది. నిజాం కాలపు హైదరాబాద్ ఫొటోల్లో కుచ్చు వేలాడే ఎర్రటోపీలు కనిపిస్తాయి కదా, వాటిని రూమీ టోపీలు అనేవాళ్లు. అది పెట్టుకుని తిరిగిన ఊళ్లోనే ఇవాళ ఇంగ్లీషు నేర్చుకుని బైజాంటైన్ అంటున్నాం.

బయటివాడు పెట్టిన పేరంటే ఏమిటో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కొంతకాలం మన పేరు ‘జెంటూ’. పోర్చుగీసువాళ్లు ముస్లింలు కానివాళ్లని జెంటియో అన్నారు, అన్యమతస్థుడు అని. అదే ఇంగ్లీషువాళ్ల నోట జెంటూ అయింది. మొదట హిందువులందరికీ, తర్వాత మద్రాసులో ప్రత్యేకించి తెలుగువాళ్లకీ తెలుగు భాషకీ. గిబ్బన్ మొదటి సంపుటి వచ్చిన 1776లోనే హాల్హెడ్ ‘జెంటూ చట్టాల’ పుస్తకం వచ్చింది, అందులో జెంటూ అంటే హిందువులు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వేసినప్పుడు పేరు తెలుగు అనే పెట్టి, సామాన్యంగా జెంటూ అంటారని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది విలియమ్ బ్రౌన్ వేసిన వ్యాకరణం అయితే నేరుగా జెంటూ భాషా వ్యాకరణమే. 1852లో సి.పి. బ్రౌన్ నిఘంటువు నాటికి తెలుగు అనే మాటే నిలబడింది. జెంటూ ఇప్పుడు ఒక పెంగ్విన్‌కీ, దాని పేరు పెట్టుకున్న ఒక లైనక్స్‌కీ మిగిలింది. మనం బతికి ఉన్నాం, మన పేరు మనం చెప్పుకుంటూనే ఉన్నాం, కాబట్టి ఆ కాగితం ఊడిపోయింది. ఒకవేళ 1800 నాటికి తెలుగు మాట్లాడేవాళ్లు లేకుండా పోయి, తాళపత్రాలు మాత్రం లండన్ చేరి ఉంటే? ‘జెంటూయిష్’ అనే విశేషణం ఒకటి పుట్టి ఉండేదేమో. దానికి అర్థం మాత్రం మనం రాసేవాళ్లం కాదు.

ఇప్పుడు మన మాటల దగ్గరికి వద్దాం. సంక్లిష్టం అనే దాంట్లో ఉన్నది క్లిశ్ ధాతువు, బాధపడటం. క్లేశం కూడా అక్కడి నుంచే. క్లిష్టమైన పద్యం అంటే మనల్ని బాధపెట్టే పద్యం. జటిలం అంటే జటలు కట్టినది. ఇవి సంస్కృతం. నాకు వీటికంటే ఇష్టమైన మాట చిక్కు. ఎందుకంటే చిక్కు అన్నప్పుడు తెలుగులో రెండు సంగతులు ఒకేసారి వినిపిస్తాయి. దారం చిక్కుపడింది, దొంగ చిక్కాడు. వస్తువు ముడిపడటం, మనిషి ఇరుక్కోవడం. చిక్కులో ఉన్నాను అంటే తప్పు దారానిదో నాదో తేలలేదు. చెప్పేవాడు తనని కూడా వాక్యంలో ఉంచుకున్నాడు. బైజాంటైన్ అన్నప్పుడు ఆ అవకాశం లేదు. చెప్పేవాడు బయట చొక్కా నలగకుండా నిలబడి ఉంటాడు, నేరమంతా అవతలిదే.

ఇంగ్లీషు కాంప్లెక్స్ మూలం లాటిన్‌లో అల్లడం. కలిపి అల్లినది అని. కౌగిలించుకోవడానికి కూడా లాటిన్‌లో అదే క్రియ. అల్లిక అనేది మన పాతవాళ్లు పెద్దనని మెచ్చుకోవడానికి వాడిన మాట. కాబట్టి సంక్లిష్టతలో రెండు రకాలున్నాయి అనుకుంటాను, ఒకే జుట్టుతో రెండూ తయారవుతాయి. ఒకటి జడ, ఇంకోటి చిక్కు. దూరం నుంచి రెండూ మెలికలే. దగ్గరికెళ్లి ఒక పాయ పట్టుకుంటే తెలుస్తుంది. జడలో ఆ పాయ ఎక్కడ లోపలికెళ్లి ఎక్కడ పైకి తేలుతుందో చెప్పగలం. చిక్కులో లాగినకొద్దీ బిగుసుకుంటుంది. విమర్శకుడి పని ఆ పాయ పట్టుకుని చూడటమే. దూరం నుంచి ‘మెలికలున్నాయి’ అని చెప్పడానికి విమర్శకుడు అక్కర్లేదు.

ఉదాహరణకి పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. వోల్ఫ్ అచ్చుపని చేసిన పదహారో శతాబ్దంలోదే. ఆ కథ సంగ్రహం ఎవరు చెప్పబోయినా నాలుగో వాక్యానికి వినేవాళ్లు చేతులెత్తేస్తారు. జన్మలు మారతాయి, ఒకరి రూపంలో ఇంకొకరు వస్తారు, కథలోంచి కథ పుడుతుంది. బైజాంటైన్ అనడానికి ఇంతకన్నా తగిన పుస్తకం ఉండదు. కానీ పాయ పట్టుకోండి. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథే భూమ్మీద మనుషుల జీవితం అయింది అన్న సంగతి తెలిసిన క్షణం, అంతకుముందు విడివిడిగా కనిపించినవన్నీ సర్దుకుంటాయి. పూర్వజన్మలో కలభాషిణి అయిన మధురలాలస అంతకుముందు జరిగింది విప్పి చెబుతుంటే, ఎక్కడో మాయమైన పాయ చేతికందుతుంది. సూరన ఏదీ మర్చిపోలేదు. 1914లోనే కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వవిచారము’లో సూరనని పట్టించుకుని చదివారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఈ పనులు మెలికలున్నాయని చెప్పి పక్కకి తప్పుకున్నవాళ్లవి కావు.

దగ్గరి కాలంలో అయితే నవీన్ ‘అంపశయ్య’. 1969లో వచ్చింది. అర్థం కాదు, గజిబిజి అనేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. కానీ ఆ నవల గడియారం చాలా సూటిగా నడుస్తుంది. ఉస్మానియాలో రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. జ్ఞాపకాలు అటూ ఇటూ పోతాయి, రోజు మాత్రం ముందుకే పోతుంది. ఆ రోజు అనే పాయ పట్టుకున్నవాళ్లకి అది జడ. పట్టుకోనివాళ్లకి చిక్కు.

అన్నీ జడలే అని నేను వాదించడం లేదు. నిజంగా చిక్కుపడ్డ పుస్తకాలూ ఉన్నాయి. రచయితే పాయ వదిలేసినవి, లోపల ఏమీ లేకపోతే పైన నాలుగు మెలికలు తిప్పినవి. వాటిని అలాగే చెప్పాలి. ఏ పేజీ దగ్గర పాయ జారిపోయిందో చూపించి చెప్పాలి. చూపించలేనప్పుడు ‘సంక్లిష్టం’ అనడం తిట్టుగా వాడినా తప్పే, మెచ్చుకోలుగా వాడినా తప్పే. ఈమధ్య మెచ్చుకోలు రకమే ఎక్కువ. ‘బహుళ పొరలతో కూడిన సంక్లిష్ట రచన’ అని రాసేస్తే పొరలెన్నో చెప్పే బాధ తప్పుతుంది. అది గిబ్బన్ నలభై ఎనిమిదో అధ్యాయం లాంటి పనే, కాకపోతే పూలదండ వేసి చేస్తున్నాం.

ఇదే పని మనుషుల మీద చేసినప్పుడు ఇంకా ప్రమాదం. కులం ఒక సంక్లిష్ట సమస్య, కశ్మీర్ ఒక సంక్లిష్ట సమస్య అని వాక్యం మొదలుపెట్టి అక్కడే ముగించేవాళ్లని టీవీల్లో రోజూ చూస్తాం. అక్కడ సంక్లిష్టం అంటే, ఇంక అడక్కండి అని. లోపల బతికేవాళ్లకి ఏ పాయ ఎవరి చేతిలో ఉందో స్పష్టంగా తెలుసు.

బైజాంటైన్ అనే మాటని నిఘంటువులోంచి పీకేయాలని నేను అనను. పీకితే పోదు కూడా. అర్థం కదిలిపోయిన మాటలు ఏ భాషలోనైనా ఉంటాయి. చరిత్రకారులు మాత్రం కదులుతున్నారు. ఆంథొనీ కాల్డెల్లిస్ లాంటివాళ్లు వాళ్లని రోమన్లు అనే పిలుద్దాం అని కొన్నేళ్లుగా గట్టిగా వాదిస్తున్నారు. 2019లో ఆయన వేసిన పుస్తకం పేరే ‘రోమన్‌లాండ్’. పదకొండు వందల ఏళ్లు వాళ్లు చెప్పుకున్నదాన్ని ఇప్పటికైనా వినడం అంటే అదే.

మనం చేయగలిగిన పని అంతకంటే చిన్నది. ఒక పుస్తకం గురించి సంక్లిష్టం అని రాయబోతున్నప్పుడు ఆ మాట తీసేసి, దాని చోట ‘నాకు చిక్కలేదు’ అని పెట్టి చదివి చూడటం. వాక్యం అప్పటికీ నిలబడితే నిజాయితీగా అదే అచ్చు వేయొచ్చు. నిలబడకపోతే పుస్తకం మళ్లీ తెరవాలి. పాయ ఎక్కడుందో చూడాలి.